భూపతి బండిలో వేడిగాలి

మే 9, శుక్రవారం

మా అబ్బాది మళ్లీ అదే పాట. తనకు చూపు ఆనడం లేదట, వర్క్‌షాపు కిరాయికి ఇచ్చేద్దామట, మొబైల్ షాపు పెట్టుకుంటానని ఎవరో అడుగుతున్నారట. మరి నేనెందుకున్నాను? ఐటీఐ అయినప్పటి నుంచి ఈ షాపులో కార్ల ఏసీలు బాగుచేస్తున్నది ఎవరు? మొహం మీదే అడిగేశాను. ఆడివిల్ల చేతిపని ఊరు నమ్మాలె గద బేటీ అన్నాడు. ఒళ్లు మండింది.

గొడవ పడీ పడీ ఒక మాటకు వచ్చాం. టాక్సీ భూపతన్న బండికి మొన్న గ్యాస్ నింపి పంపాను, వాపస్ వచ్చింది. ఇంకొక్కసారి వాపస్ వస్తే షాపు కిరాయికే. సరే అన్నాను. ఎందుకొస్తుంది, నేను చేశాక?

మే 10, శనివారం

భూపతన్న గోడు వినలేకపోయాను. ఈడ మంచిగనే సల్లగుంటది చెల్లె, ప్రజ్ఞాపూర్ దాటి వర్గల్ దిక్కు మర్లినంక ఉడుకు గాలి కొడ్తది అని. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి వర్గల్ చదువుల తల్లి గుడికి పోయేవాళ్లు వెనక సీట్లో ఉడికిపోయి తిడుతున్నారట. బడులు తెరిచేలోపే గిరాకీ అంతా.

గ్యాస్ ప్రెషర్ కరెక్ట్. కంప్రెసర్ భేష్. ఫ్యాన్ తిరుగుతోంది. నిలబెట్టి చూస్తే ఏ రోగమూ లేదు. అందుకే పక్క సీట్లో కూర్చుని, పోనియ్యన్నా అన్నాను. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరిందో లేదో కంప్రెసర్ టక్కున ఆగిపోయింది. దొరికావురా దొంగా!

డాష్‌బోర్డ్ కింద విప్పాను. కూలింగ్ కాయిల్ సెన్సర్ వైరును ఎలుక కొరికింది. రెండు పోగుల మీద వేలాడుతోంది. కుదుపుకు అవి విడిపోతే ఏసీ బంద్. వైరు మార్చి పంపేశాను.

ఇంత చిన్నదాన్ని పట్టుకోవడం అందరి వల్లా కాదు.

మే 14, బుధవారం, పొద్దున

వాపస్ వచ్చింది.

మే 14, మధ్యాహ్నం

అదే వైరు. కొత్త పంటిగాట్లు. భూపతన్న ఉండే వాడకట్టులో ఇన్ని బండ్లు ఆగుతాయి, ఎలుకకు ఈయన బండే ఎందుకంత ముద్దు? ఈసారి బ్లోవర్ డబ్బా మొత్తం దించాను. లోపల ఒక పిడికెడు పచ్చటి బియ్యం. అక్షింతలు!

అడిగితే భూపతన్న సంబరంగా చెప్పాడు. వర్గల్ నుంచి వచ్చినప్పుడల్లా గుడి అక్షింతలు తెచ్చి తల్లి లింగవ్వ చేతికిస్తాడట. దిష్టి తగలకుండా ఆమె బానెట్ మీద, అద్దం మీద చల్లుతుందట. అవి జారి వైపర్ల కింది జాలీలోంచి నేరుగా బ్లోవర్‌లోకి. ఎలుకలకు రోజూ దావతే. నవ్వొచ్చింది. వెంటనే నవ్వు ఆగిపోయింది. ఈ మాట అతనికి నేనెలా చెప్పాలి?

బండి వదిలి అతను ఇంటికి పోయాక అబ్బా నన్ను లోపలికి పిలిచాడు. వాళ్ల పూజల నడుమ ముసల్మానులం మనం మాట్లాడొద్దు, సన్న జాలీ బిగించి పంపు, నోరు మూస్కో అన్నాడు. జాలీ బిగిస్తాను సరే. గింజలు జాలీ మీద కుప్పపడితే ఎలుక మళ్లీ అక్కడికే రాదా? ఇవాళ ఈ వైరు, రేపు ఇంజన్ వైరు. అబ్బా భయం నాకు తెలుసు. నాకూ భయంగానే ఉంది. కానీ రోగం తెలిసీ చెప్పకపోతే నేనేం మెకానిక్‌ని? ఎలాగూ షాపు పోయింది. పోయేదేదో చెప్పాకే పోనీ.

మే 15, గురువారం

వైరు మార్చి, జాలీ బిగించి, చెప్పేశాను. బానెట్ మీద, అద్దం మీద గింజలు చల్లొద్దన్నా, కావాలంటే బండికి బొట్టు పెట్టుకో, దండ వేసుకో అన్నాను. భూపతన్న మొహం మాడిపోయింది. ఎలుక కోసం అమ్మవారి అచ్చింతలు ఆపుమంటవా అన్నాడు. నువ్వా నాకు చెప్పేది అన్నట్టు చూశాడు. తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

అబ్బా తల పట్టుకున్నాడు. నేను వెనక్కి పోయి కంప్రెసర్ల పక్కన కూర్చుని ఏడ్చాను. చెప్పినందుకు కాదు. షాపు కోసం.

మే 17, శనివారం

భూపతన్న ఫోన్ ఎత్తడం లేదు. మొబైల్ షాపు ఆయనను అబ్బా రేపు రమ్మన్నాడు.

మే 18, ఆదివారం

మొబైల్ ఆయన టేపుతో గోడ కొలుస్తుంటే భూపతన్న బండి వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ఒక ముసలామె దిగి, అచ్చింతలు వద్దన్న పొల్ల ఏది అంది. లింగవ్వ! ముందుకొచ్చి నేనే అన్నాను.

పొద్దుగాల వర్గల్ పోయొచ్చినం, బండిల సలికి కొంగు కప్పుకున్న తల్లీ అంది. కొంగు ముడి విప్పింది. బండికి వద్దంటివి గద, మరి గివన్ని ఎవలికెయ్యాలె, వంగు బిడ్డా అంది.

దుపట్టా సర్దుకుని వంగాను.

నేను తల ఎత్తేలోపే అబ్బా మొబైల్ ఆయనతో అంటున్నాడు, జాగ ఖాళీ లేదు భాయ్, మా బిడ్డ నడుపుతది అని.