నిప్పు సోకిన అంగిలి

నూకాలూ, అమ్మా నేనూ విశాఖ పెద్దాసుపత్రిలోనే ఉన్నాం, కంగారుపడకు.

అమ్మ అంగిట్లో పుండు నుంచి ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరేనట. "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని డాక్టరమ్మ కసిరితే, "నొప్పెడితే కదమ్మా ఒచ్చేది! సుట్ట నిప్పు నోట్లో ఎట్టుకున్నా సురుక్కుమననేదు. నా నోరు గట్టిపడిపోనాదనుకున్నాను" అంది అమ్మ, గొప్పగా. ఎలా కాలుస్తావో చూపించమని చుట్ట ఇస్తే, వెలిగించే కొసే లోపలికి పెట్టుకుంది. ఆ నిప్పు సెగకే పుండు పడిందంది డాక్టరమ్మ.

అంగిలి కొంత కోసేస్తారట. తర్వాత మాట ముక్కులోంచి వస్తుందట. "మరి సేపలెలా కేకేసి అమ్మేది?" అని అప్పుడేడ్చింది.

ఎండుచేపలు తిరగేస్తున్నావా? వాన తగిలితే ఊరుకోను. మీ బావకి వేళకి ఇంత అన్నం పడెయ్యి. అటక మీది పొగాకు కట్ట సముద్రంలో పారెయ్యి, పక్కింటివాళ్లకి ఇవ్వకు. ఈ కార్డు అందగానే బస్సెక్కి నువ్వూ ఒకసారి రా. నా నోరూ తెరిపించి చూశారు, నాకూ ముక్క తీశారు. మనిద్దరికీ చుట్ట తిప్పి పట్టడం నేర్పింది తనేనని, అమ్మ అప్పట్నుంచీ నా ముఖం చూడటం లేదు.

పిల్లలకు ముద్దులు.

నీ అక్క ఎర్రమ్మ