ఒకే తలుపు, రెండు అగ్రిమెంట్లు

అక్కా,

కొత్త ఇంట్లో ఎప్పుడు చేరుతున్నారని నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా లిఫ్టు పని మిగిలిందని చెబుతూ వచ్చాను. పక్కనే బావగారు ఉంటారని ఫోన్లో చెప్పలేక ఇలా రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో.

మా ఫ్లాట్లో వేరేవాళ్లు ఉంటున్నారు.

మా ఆయన స్కూలు వ్యాను తోలే దారిలోనే ఆ బిల్డింగు. కిందటి నెల ఓ పొద్దున, మన బాల్కనీలో ఎవరిదో దుప్పటి ఆరేసి ఉందని వచ్చి చెప్పారు. పనివాళ్లదేమో అనుకుని, కుడుతున్న బట్ట మిషన్ మీదే వదిలేసి వెళ్లాను. మెట్లకు ఇంకా రెయిలింగు లేదు. గోడ పట్టుకుని ఎక్కి తలుపు కొడితే, జుట్టు నెరిసిన ఒకావిడ తీసింది. "ఎవరు కావాలమ్మా?" అంది. నా గుమ్మం ముందు నిలబడి నేనెవరో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆవిడ రిటైరైన నర్సు. పక్షవాతం వచ్చిన భర్తతో అద్దె ఇళ్లు మారలేక, కరెంటు రాకముందే వచ్చి చేరిపోయింది. నేను మా కొనుగోలు అగ్రిమెంటు సంగతి చెబితే, లోపలికెళ్లి తనది తెచ్చింది. అదే ఫ్లాటు, అదే కాంట్రాక్టరు సంతకం. మంచం అంచున కూర్చుని ఇద్దరం కాగితాలు మార్చుకుని చదివాం. "నన్ను పిన్నీ అనేవాడమ్మా" అందావిడ. నన్ను చెల్లెమ్మా అనేవాడు.

మా కాంట్రాక్టరు మా ఆయనతో కలిసి చదువుకున్నవాడేనని నీకు తెలుసు. "మన మధ్య తొందరేముంది చెల్లెమ్మా, లిఫ్టు పెట్టాక అందరికీ ఒకేసారి రిజిస్ట్రేషన్ చేయిస్తా" అంటే, ఇంకో మాట అడగడం మర్యాద కాదనుకున్నాం. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఇంటికి తాళం.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది వంటగది. నేను పొట్టిదాన్నని మేస్త్రీని బతిమాలి గట్టు కిందికి కట్టించుకున్నాను కదా. ఆవిడ పొడుగు. నడుం వంచి కూరలు తరుగుతూ, "ఎవరో గానీ మరీ కిందికి కట్టారమ్మా" అంది. నేనేనని చెప్పలేకపోయాను. వచ్చేముందు మా అడ్రసు మాత్రం చెప్పి వచ్చాను.

రెండూ రిజిస్టరు కాని అగ్రిమెంట్లేననీ, కోర్టులో ఎప్పటికి తేలుతుందో చెప్పలేననీ, ఇంట్లో ఉన్నవాళ్లకే కాస్త బలమనీ లాయరు చెప్పాడు. మా ఆయన ఆ మాట పట్టుకున్నారు. ఆవిడ భర్తను ఆసుపత్రికి తీసుకెళ్లిన పూట మన తాళం వేసేద్దాం అంటున్నారు. కొత్త తాళం కూడా కొనుక్కొచ్చారు. "మన ఇంట్లోకి మనం వెళ్లడం దొంగతనమా?" అంటారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు, సరేననడానికి నోరు రావడం లేదు. ఏం చేయమంటావో రాయి.

నీ చిన్నది


అక్కా,

మెత్తగా ఉంటే మునిగిపోతారు, ఆయన మాట విను అని రాశావు. నీ ఉత్తరం అందేసరికే అంతా అయిపోయింది.

సోమవారం నర్సమ్మగారే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. భర్తకు ఊపిరి అందడం లేదట, సందు చివర అంబులెన్సులో ఉన్నారట. తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఎన్నాళ్లు పడుతుందో, ఇల్లు కాస్త చూస్తుండమ్మా" అన్నారు.

"నాకిస్తున్నారేంటండీ? మా సంగతి తెలుసుగా."

"తెలుసు. తెలియనివాళ్లకి ఎలా ఇస్తాను?" అని వెళ్లిపోయారు.

మా ఆయన లోపలి నుంచి అంతా విన్నారు. బయటికొచ్చి, "ఇంకేం, మన పని తేలికైపోయింది" అన్నారు గానీ ఆ గొంతులో సంతోషం లేదు. కొత్త తాళం బీరువా మీద పడేసి వ్యాను తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

గురువారం నేను అక్కడ ఊడుస్తుంటే బ్యాంకువాళ్లు పోలీసులతో వచ్చారు. మా ఇద్దరికీ సంతకాలు పెట్టకముందే కాంట్రాక్టరు బిల్డింగు మొత్తం తాకట్టు పెట్టేశాడట. నోటీసులన్నీ అతని అడ్రసుకే వెళ్లాయట. సీలు వేసేలోపు సామాను తీసుకోవడానికి సాయంత్రం దాకా టైమిచ్చారు. మా ఆయనకు ఫోన్ చేశాను. ఇద్దరం పరుపూ, గిన్నెలూ, చక్రాల కుర్చీ ఒక్కొక్కటే కిందికి మోశాం. సామాను లిస్టు రాసుకుంటున్న ఆఫీసరు, "మీరు ఓనరా, అద్దెకున్నారా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. "మరి ఈ సామాను మీకెందుకివ్వాలి?" అన్నాడు. మా ఆయనే, "మావాళ్లదండీ, అలాగే రాసుకోండి" అన్నారు.

ఆ సామానంతా ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. మిషన్ వంటింట్లోకి జరిపి కుట్టుకుంటున్నాను. చెప్పేద్దామని నిన్న ఆసుపత్రికి వెళ్లాను. ఆవిడ నన్ను చూడగానే, "ఇల్లు బాగానే ఉందామ్మా?" అని అడిగారు. పక్కన మంచం మీద ఆవిడ భర్త కళ్లు తెరిచి నా వైపే చూస్తున్నారు. బాగానే ఉందండీ అన్నాను.

రేపు ఆయన్ని ఇంటికి పంపిస్తున్నారు. స్కూలు వదిలాక వ్యాను తెస్తానని మా ఆయన చెప్పారు. దారిలో చెప్పాలి.

చిన్నది