మామయ్యగారి బాణీ, మీరు ఎంచిన డిస్క్

శ్రీవారికి,

నమస్కారాలు. మీరు అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నామని ముందు రాయాలి కాబట్టి రాశాను. నా సంగతి మాత్రం వేరు, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఫోన్ చేసి నాలుగు దులిపేద్దామంటే మీ సొరంగంలో సిగ్నల్ దొరకదు. దొరికినా మీరు మధ్యలో "సరే సరే, తర్వాత చూద్దాం" అనేస్తారు. ఉత్తరంతో ఆ పప్పులు ఉడకవు. కూర్చుని చివరిదాకా చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. అమ్మాయి చెవిపోటు తగ్గింది, బడికి వెళ్తోంది. స్నానాల గదిలో కుళాయి కారడం లేదు, నేనే వాషర్ మార్చాను. మీ నీలం స్వెట్టర్ ఎక్కడికీ పోలేదు, బీరువా పై అరలో ఉంది. ఇక చివర్లో అడిగారు చూడండి, "కొత్త హార్డ్ డిస్క్ చప్పుడు లేకుండా చల్లగా ఉంది కదా?" అని. చల్లగానే ఉందండీ. చప్పుడూ లేదు. పనే చెయ్యనప్పుడు చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది?

నాకు తెలియక అడుగుతాను, ఈ ఇంట్లో రికార్డింగ్ గది నడిపేది ఎవరు? గోడలకు పాత పరుపులు కొట్టించి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, పాఠాలు చదివేవాళ్ళ గొంతులూ, పాడేవాళ్ళ గొంతులూ ఇన్నేళ్ళుగా పడుతున్నది నేను. మీరు సొరంగంలో దీపాలు బిగిస్తారు. ఆ దీపాలకు ఏ వైరు వాడాలో నేను ఏనాడైనా మీకు రాశానా? మీరు మాత్రం నా కంప్యూటర్‌లో ఏ డిస్క్ ఉండాలో మీ చిన్ననాటి స్నేహితుడితో కూడబలుక్కుని తేల్చేశారు. కంప్యూటర్ల కొట్టు పెట్టినప్పటినుంచీ ఆయన్ని అందరూ డిస్కౌంట్ అనే పిలుస్తారు. ఆ పిలుపుకి ఆయన మురిసిపోతాడు కూడా.

నేను ఆయన్ని అడిగింది రెండు డిస్కులు. కంప్యూటర్ తన పని తాను చేసుకోవడానికి చిన్నది ఒకటి, శబ్దం రాయడానికి మాత్రమే వేగమైనది ఇంకొకటి. అమ్మాయిని బడి నుంచి తీసుకొచ్చేసరికి ఆయన పాతది పీకేసి, ఇంత పెద్దది ఒకటి బిగించి, చేతులు దులుపుకుంటున్నాడు. ఇందులో నా జన్మంతా రికార్డ్ చేసినా నిండదట. వేగం ఆటలాడే కుర్రాళ్ళకు కావాలిగాని గొంతులకు ఎందుకట. "అన్నయ్యతో మాట్లాడేశాను వదినా, ఆయన సరేనన్నారు" అన్నాడు. అన్నయ్య సరేనంటే ఇక వదిన నోరెత్తడానికి ఏముంది?

మర్నాడే మామయ్యగారి బ్యాండ్ వస్తోంది. కొట్టు చుట్టూ తిరిగే తీరిక లేదు. నేనే ఒక పద్యం చదివి పరీక్షించాను, శుభ్రంగా పట్టింది. అక్కడే బోల్తా పడ్డాను. ఒక్క గొంతు ఏ డిస్క్‌లోనైనా పడుతుంది. బ్యాండ్‌కి ఎనిమిది మైకులు. గోదాం ఎంత పెద్దదైతే ఏం లాభం, గుమ్మం ఇరుకైనప్పుడు? ఎనిమిది మంది ఒకేసారి బస్తాలు మోసుకొస్తారు. దానికి తోడు కంప్యూటర్ తన సామాను కూడా అదే గుమ్మం గుండా తెచ్చుకుంటుంది. ఈ ముక్క నన్ను అడిగి ఉంటే మీకూ చెప్పేదాన్ని, ఆయనకూ చెప్పేదాన్ని.

ఒక్కొక్కరినీ విడిగా వాయించమని చెప్పి తర్వాత కలుపుకోవచ్చు కదా అని మీరు అంటారు, నాకు తెలుసు. డిస్కౌంటూ అదే అన్నాడు. మీ నాన్నగారి బ్యాండ్ సంగతి మీకు తెలియనిదా? వాళ్ళ దగ్గర కాగితమూ ఉండదు, లెక్కా ఉండదు. మామయ్యగారు క్లారినెట్ ఎత్తి ఊపిరి తీసుకుంటే ఆయన భుజం లేస్తుంది, ఆ భుజాన్ని చూసి మిగతా ఏడుగురూ అందుకుంటారు. డ్రమ్ముల ఆయన్ని ఒక్కణ్ణే కూర్చోబెట్టి చూశాను. "ఎవర్ని చూసి కొట్టనమ్మా?" అని కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అందుకే అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మామయ్యగారికి కావలసింది ఒక్క బాణీ. ప్రతి పెళ్ళిలోనూ ఆఖరున వాయిస్తారే, అది. ఆయనే కట్టుకున్నది. జనం లేచిపోతుంటారు, కుర్చీలు మడతపెడుతుంటారు, దాన్ని చెవిపెట్టి విన్నవాళ్ళు లేరు. చిన్నప్పుడు మీరు కూడా ఆ సమయానికి వ్యాన్‌లోకి పెట్టెలు ఎక్కిస్తూ ఉండేవారట. కుర్చీల చప్పుడు లేకుండా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పూర్తిగా రికార్డ్ చెయ్యమ్మా అని ఆయన ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు.

మొదలుపెట్టారు. ఏం వాయించారండీ. బాణీ సగానికి వచ్చి కిందికి దిగే మలుపు ఒకటి ఉంది. అక్కడికి వచ్చేసరికి తెరమీద ఎర్రగీత పైకి పాకింది, డిస్క్ అందుకోలేకపోతోందని ఒక వాక్యం పడింది, రికార్డింగ్ ఆగిపోయింది. ఆపమని చెయ్యి ఎత్తాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. చెయ్యి దించేశాను. వాళ్ళు చివరిదాకా వాయించారు. ఆయన కళ్ళు తెరిచి "వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది మామయ్యగారూ అన్నాను.

ఎందుకు ఆపలేదో చెప్పాలంటే మీకు చెప్పొద్దన్న సంగతి చెప్పక తప్పదు. అందరం బాగున్నామని పైన రాశాను, అది నిజం కాదు. మామయ్యగారు మెట్ల మీద ఆగి ఆగి వస్తున్నారని పోయిన ఉత్తరంలో రాశాను కదా. అది వయసు కాదు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఎలాగూ మాట వినరు కాబట్టి ఈ ఒక్కసారికి వాయించుకోమంది, ఆ తర్వాత క్లారినెట్ ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుందంది. వాడు అంత దూరంలో ఉన్నాడు, చెప్పి గాభరా పెట్టొద్దని మామయ్యగారు నాచేత మాట తీసుకున్నారు. ఆ ఊపిరి మళ్ళీ రాదని తెలిసి నేను ఆయన్ని మధ్యలో ఆపగలనా? మీరే చెప్పండి.

మర్నాడు ఆ డిస్క్ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా వదినా? ఇంకోసారి వాయించమనండి, ఆయనేం పారిపోతారా?" అన్నాడు మీ స్నేహితుడు. కొట్టునిండా జనం. డిస్క్ బల్ల మీద పెట్టి, నాకు ఏం కావాలో నేను చెప్తాను, మీరు తీసి ఇవ్వండి చాలన్నాను. లోపల తిరిగే పళ్ళెం లేని వేగమైన రకం కావాలన్నాను. డబ్బా మీద వేసిన వేగం మొదటి నిమిషానిది, నాకు గంటసేపు ఎడతెగకుండా రాసే వేగం కావాలి, అది నా కళ్ళముందు నడిపి చూపించమన్నాను. అన్నయ్యని ఒకమాట అడుగుతానని ఫోన్ తీశాడు. "ఆ ఫోన్ జేబులో పెట్టండి" అన్నాను. పెట్టాడు. రెండు డిస్కులూ నేను అడిగినట్టే బిగించాడు.

పోయిన వారం బడిపిల్లల బృందగానం అన్ని మైకులతోనూ పట్టాను. కొత్త డిస్క్‌కి చీమ కుట్టినట్టైనా లేదు. నా మాటే నెగ్గింది. నెగ్గి ఏం చేసుకోను? ఇంటికొచ్చి ఏడ్చాను.

మామయ్యగారు రోజూ అడుగుతున్నారు, వినిపించవేమమ్మా అని. ఇంకా సరిచేస్తున్నానని దాటేస్తూ వచ్చాను. నిన్న నేరుగా గదిలోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నారు. ఇక అబద్ధం నోటికి రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మలుపు దాకా వినిపించాను. తల వంచుకుని విన్నారు.

"నన్ను ఆపలేదేం?" అన్నారు.

"మీరు అంత బాగా వాయిస్తుంటే చెయ్యి రాలేదు మామయ్యగారూ" అన్నాను.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "పోన్లేమ్మా, నువ్వు విన్నావుగా" అన్నారు. తలుపు దాకా వెళ్ళి, గడప మీద ఆగి, "వాడే వినలేదు" అన్నారు.

అప్పటినుంచీ నా కోపానికి పట్టపగ్గాల్లేవు. మీ మీదా, డిస్కౌంట్ మీదా, పరీక్షకు ఒక్క గొంతు పెట్టిన నామీదా. ఆయనకు మాత్రం కోపం లేదు, అదే నాకు ఇంకా మంట.

ఈ పొద్దున నేనే ఒక ఉపాయం చెప్పాను. డాక్టరమ్మ ఊదొద్దంది గాని, కూర్చుని మెల్లగా పాడొద్దని అనలేదు. మలుపు తర్వాతి భాగం నోటితో పాడండి, మంచి మైకు పెడతాను, ఇప్పుడు డిస్క్‌కి ఢోకా లేదు, మీ అబ్బాయికి పంపిద్దాం అన్నాను. పాడతానన్నారు. మైకు బిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"రికార్డు వద్దమ్మా. వాణ్ణి రమ్మను, పక్కన కూర్చోబెట్టుకుని పాడతాను" అన్నారు.

ఎప్పుడు బయల్దేరుతున్నారో రాయండి.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
మీ భార్య