వరదకు ముందు పుట్టిన సుశీల

మే 29
మా సొంతూరు దుమ్ముగూడెం వెళ్లి వచ్చాను. తాత పుట్టిన తేదీ లేదు. చనిపోయిన తేదీ లేదు. నాయనమ్మ అసలు పుట్టినట్టే లేదు. పంచాయతీ ఆఫీసులో ఏది అడిగినా ఒకటే మాట – "ఎనభై ఆరుల వచ్చిన పెద్ద వరదల పోయినయ్ మేడం."
నాయన పోయి ఏడాది కాలేదు. ఆయన వెనకటి వాళ్లు కూడా చెరిగిపోతారేమోనని ఈ వంశవృక్షం పని పెట్టుకున్నాను. సెలవులన్నీ దీనికే. నేను పాఠాలు చెప్పే బడి తెరిస్తే బోనకల్ నుంచి ఇంత దూరం రాలేను.

మే 30
భద్రాచలం, తమ్ముడు రమేష్ ఇల్లు. అమ్మ ఉండేది ఇక్కడే.
"సచ్చినోళ్ల తారీఖులు దేనికే? దినాలు పెడ్తవా?"
అమ్మ అంది. నేను కాగితాలు సంచిలో సర్దుకున్నాను.

జూన్ 2
భద్రాచలం ఆఫీసులో జనన మరణాల సెక్షన్. తాతది ఇక్కడా లేదు. కనీసం నాదైనా సరిగా ఉందో లేదో చూద్దామని నా పేరు అడిగాను. ఉంది. సుశీల, నాయన పేరు, అమ్మ పేరు, నా బడి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ. పుట్టిన చోటు – దవాఖానా.
నేను దవాఖానాలో పుట్టలేదు. వరద తర్వాతి ఎండాకాలం, కొత్తగా వేసుకున్న గుడిసెలో, మంత్రసాని చేతుల మీద. అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో ఈ కథ. నా సర్టిఫికెట్‌లో వరదకు ముందటి తేదీ ఉంటే, బడి పంతులు అందాజుగా వేసుంటాడనుకునేదాన్ని. మా కాలంలో సగం మందికి అంతే.
ఇది పంతులు వేసింది కాదు. కాన్పు కాగానే దవాఖానా వాళ్లు ఎక్కించిన పేరు.
ఆ రోజు ఎవరో పుట్టారు.

జూన్ 3
అడిగాను. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. చెయ్యి ఆగలేదు.
"నీకెందుకే ఇప్పుడు."
అంతే...

జూన్ 4
రమేష్ ఆఫీసుకు, మరదలు మార్కెట్‌కు పోయాక అమ్మే పిలిచింది. తలుపు దగ్గరికి వేయమంది.
"నీకంటె ముందు ఒక్కతి ఉండె. సుశీల."
అప్పుడప్పుడే నడుస్తున్న పిల్లట. నీళ్లు ఊళ్లోకి వస్తే నాయన భుజం మీద ఎక్కించుకుని గుట్ట మీది బడికి చేర్చాడు. ఊరంతా అక్కడే. వాంతులు, విరేచనాలు... నీళ్లు తగ్గకముందే పోయింది. గుట్ట పక్కన పూడ్చారు. సాయం బియ్యానికి పేర్లు రాసుకునేవాళ్లు వస్తే నాయన ఆ చావు చెప్పలేదు.
"ఎందుకు చెప్పలే?"
"పేరు కొట్టేస్తే బియ్యం తగ్గిస్తరని."
మళ్లీ తనే – "ఆ బియ్యం నేను గూడ తిన్న."
తర్వాత నేను. చాలా రోజులు బుజ్జి అనే పిలిచారట. బళ్లో వేయబోతే వయసు చాలదన్నారు. నాయన పెట్టెలోంచి ఆ పిల్ల కాగితం తీసి చూపించాడు.
"పేరు ఉన్నది గద, ఊకెనే ఎందుకు పోవాలె అన్నడు మీ నాయన."

జూన్ 5
లెక్క వేస్తున్నాను. వద్దనుకుంటూనే.
ఒకటో తరగతిలో అందరికన్నా పొట్టిదాన్ని. పలక మీద అంకెలు తిరగేసి రాసేదాన్ని. మొద్దు అనేవాళ్లు. నాయన కూడా అన్నాడు, పంతులు ముందే, నవ్వుతూ. మొద్దును కాదు. చిన్నదాన్ని. ఆ సంగతి ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు.
పెళ్లినాడు కాగితం ప్రకారం పద్దెనిమిది నిండాయి. ఎవరో వయసు అడిగితే నాయన గర్వంగా ఆ కాగితమే చూపించాడు. అసలు వయసు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.
హాల్లో నాయన ఫొటో. రోజూ దండం పెట్టేదాన్ని. ఇవాళ పెట్టలేదు.

జూన్ 6
రమేష్‌కు తెలుసు.
నాయన చివరి రోజుల్లో వాడికి చెప్పాడట. "నీకు చెప్తే బాధపడ్తవని, అక్కా." తెలిసి కూడా ఇంతకాలం సుశీలక్కా, సుశీలక్కా అంటూనే ఉన్నాడు.
ఆ పిల్ల మరణం రాయిస్తానన్నాను.
"పిచ్చి పని చెయ్యకు. దొంగ కాగితమంటరు. ఉద్యోగం పోతది."
"దొంగదే గద."
"నువ్వు చేసిన దొంగతనం కాదు. నాయనది. పోయినోన్ని బజార్ల నిలబెడ్తవా?"
వాడికి పోయినవాళ్లలో నాయన ఒక్కడే లెక్క.

జూన్ 9
మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను. పెళ్లినాటి వయసు సంగతి కూడా. అంతా విన్నాడు. తర్వాత –
"నాకైతే పద్దెనిమిది అనే చెప్పిర్రు."
నిజమే. ఆయన తప్పేముంది. అయినా నా గురించి ఒక్క మాట అంటాడని ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాను.

జూన్ 10
మళ్లీ సెక్షన్‌కు. క్లర్క్ ఓపికగానే విన్నాడు.
"ఎవరు పోయిర్రని రాయాలె మేడం? ఈ పేరు, ఈ తారీఖు, ఈ తల్లిదండ్రులు... మీరే గద."
"నేను కాదు. నా పుట్టుక ఎక్కడా రాయలే."
"మరి మీరెవరు?"
వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.
సాక్షులు కావాలి. ప్రమాణ పత్రం కావాలి. పై ఆఫీసు నుంచి ఉత్తర్వు కావాలి. ఆ పిల్ల మరణం ఒక్కటే రాయడం కుదరదు, నా పుట్టుక కూడా రాయించుకోవాలి. అది రాయిస్తే నా బడి సర్టిఫికెట్, ఉద్యోగం అన్నీ బయటికి వస్తాయి.
"ఆలోచన చేసుకోని రాండ్రి" అన్నాడు. దరఖాస్తు కాగితం ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

జూన్ 12
బోనకల్. బడి తెరిచారు. పిల్లల్ని చేర్చుకునే పని ఈసారి నాది. ఒకామె కూతుర్ని తెచ్చింది. పుట్టిన కాగితం లేదు.
"మీరే ఏదో ఒకటి వేసుకోండి మేడం."
కలం పట్టుకుని ఉండిపోయాను. రేపు రమ్మన్నాను. ఆమె కూలి పని మానుకుని వచ్చిందట. విసుక్కుంటూ వెళ్లింది.

జూన్ 13
ఆమె రాలేదు.

జూలై 13
గోదావరి పెరుగుతోంది. సెలవు పెట్టి వచ్చి అమ్మను ఆటోలో దుమ్ముగూడెం తీసుకెళ్లాను. రమేష్ రానన్నాడు.
గుట్ట మీద బడి లేదు. సెల్ టవర్, చుట్టూ ముళ్ల కంచె. అమ్మ కంచె పట్టుకుని చాలాసేపు చూసింది.
"గిక్కడనే... కాదు. ఆ పక్కకు."
కొంగు తీగకు చిక్కుకుంటే నేను విడిపించాను. ఇంకో వైపు నడిచింది. అక్కడా కాదంది. చివరికి ఏ చోటూ చూపించలేకపోయింది.
తిరిగి వస్తుంటే ఆటోలో –
"నిన్ను పిలిచినప్పుడల్లా దాన్నే పిలిచిన బిడ్డా. నువ్వు పలికినవ్."
జాలి కలగాలి. కోపం వచ్చింది. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది, వదల్లేదు. పట్టుకోనూ లేదు.

జూలై 14
వంశవృక్షంలో నాయన, అమ్మ పేర్ల కింద సుశీల అని రాశాను. పక్కన, వరదలో మరణం అని. ఆ తర్వాత నాకని గీసిన గీత కింద ఏం రాయాలో తోచలేదు. రమేష్ పేరు రాసి మూసేశాను.

జూలై 27
మళ్లీ సెలవు పెట్టి అమ్మ దగ్గరికే. వర్షం. రమేష్ నాతో మాట్లాడటం లేదు, పొడిపొడిగా తప్ప. నేనూ అమ్మా వెనక గదిలో.
అడిగాను. "బుజ్జి గాక, నాకు పెడ్దామనుకున్న పేరు ఏదన్న ఉండెనా?"
"అవ్. ఉండె."
అమ్మ ముఖం విప్పారింది. ఇన్ని రోజుల్లో ఇదే మొదటిసారి.
"నువ్వు కడుపుల ఉన్నప్పుడే అనుకున్న. మీ నాయనకు గూడ చెప్పలే."
నోరు తెరిచింది. ఆగింది. కళ్లు మూసుకుని పెదాలు కదిపింది.
"మంచి పేరే... యాదికొస్తలేదు బిడ్డా."
ఫరవాలేదు అనలేదు నేను. అనను.
అమ్మ ఒక్కో పేరూ అంటోంది. సరోజ. భారతి. విమల. ఒకటి అని, నా ముఖంలోకి చూసి, కాదని తల ఊపి, ఇంకొకటి...