మహారాణి సవరం

నరసరావుపేట, 1946
మాఘమాసం, గురువారం రాత్రి

మా నాటకాల కంట్రాక్టరు ఇవ్వాళ తేల్చి చెప్పేశాడు. కోటప్పకొండ తిరునాళ్లలో మహారాణి వేషం నాకు లేదు. తెనాలి నుంచి ఒకామెను తెచ్చాడు. ఆ వేషం కోసం ఇన్నేళ్లు మీసం లేకుండా తిరిగి, బజారులో అందరి నవ్వులూ భరించినవాణ్ణి నేను.

"మగాడు చీర కడితే జనం ఇప్పుడు చూడటంలా, శేషయ్యా. ఆడమనిషి వస్తందంటేనే టిక్కెట్లు తెగుతున్నయ్యి," అన్నాడు. అంతటితో ఆగక, నా సవరం కూడా ఆమెకిమ్మన్నాడు.

అది మా నాటక సమాజం సొత్తు కాదు. నా భార్య కోటమ్మ, దువ్వెనకు వచ్చిన తన వెంట్రుకలు ఏళ్ల తరబడి దాచి, చేత్తో కట్టి ఇచ్చిన సవరం. ఇవ్వనని చెప్పి ఇంటికొచ్చాను.

కోటమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంతా విన్నది. "ఇచ్చెయ్యండి. ఆమె మీద కోపం ఎందుకు? ఆమె కూడా కూటి కోసమే గదా వచ్చింది," అన్నది.

సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె రెండు చేతులా అందుకుని, "మీ రాణి వేషం చూశానన్నా. ఆ నడక నాకు కూడా నేర్పండి," అంది. నేర్పాను. మనసులోనైనా తిట్టుకుందామని వెళ్లినవాణ్ణి. ఆమె మర్యాద నాకు ఆ వీలు కూడా లేకుండా చేసింది.

వచ్చేటప్పుడు కంట్రాక్టరు నా కొత్త వేషం చెప్పాడు. ద్వారపాలకుడు. ఆమె రంగం మీదికి రాబోయే ముందు, "మహారాణీవారు వేంచేస్తున్నారు" అని నేనే కేక వెయ్యాలి.

ఇందాక పెరట్లోకి వెళ్లి ఒకసారి ఆ కేక వేసి చూసుకున్నాను. ఆడగొంతే వచ్చింది.