ఎదురొచ్చిన పిల్లి

ఇబ్రహీంపట్నం,
ధనుర్మాసం, శుక్రవారం

ప్రేమగల నీలమ్మ వదినకు,

సునంద దండాలు. నీ తమ్ముడి సంవత్సరీకానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆలోపే మీ పాలేరు సాయన్నకు గోనెసంచి ఇచ్చి పంపుతానని, మా ఇంటి వెనకాల పిల్లిని పట్టి చెరువు అవతల విడిచి వస్తాడని ఫోన్‌లో అన్నావు. నేను ఊకొట్టాను. అప్పటి నుంచి నా పూజ పూజలా లేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఆ పిల్లికి నేనే చోటు చేశాను వదినా. బూడిదరంగుది, ఒక చెవి చిరిగింది. పాలు పెడితే నేను లోపలికి వెళ్లి తలుపు వేసేదాకా గోడ దిగదు. ఈ చలికి గోడ మీదే ముడుచుకుని వణుకుతుంటే చూడలేక, చేపలమ్మే జంగాను అడిగి థర్మకోల్ పెట్టె తెచ్చి, పక్కకు జానెడు కంత కోశాను. లోపల నా పాత శాలువా పరిచాను. తెల్లారేసరికి మంచుకు శాలువా తడిసి ముద్దయింది, పిల్లి మళ్లీ గోడ మీదే. జంగా నవ్వాడు. "బట్ట నీళ్లు తాగుతదక్కా, వరిగడ్డి పెట్టు. నీకు చుట్టమా ఏంది గది?" గడ్డి కూరాను. నాలుగు రోజులు అది అటు చూడలేదు. అయిదో రోజు ముగ్గు వేసి వచ్చి చెయ్యి పెడితే గడ్డి వెచ్చగా తగిలింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నీ తమ్ముణ్ణి అదే మింగిందని పదకొండో రోజున అందరి ముందు అన్నావు. నేను తల వంచుకున్నాను. ఆ పొద్దున జరిగింది నీకు సగమే చెప్పాను. శేరిగూడ కాలేజీలో డ్యూటీకి ఆయన బండి తీస్తుంటే పిల్లి అడ్డంగా పోయింది. "దానికి దాని పనుండదా?" అని ఆయన నవ్వారు. నేనే బండి పట్టుకుని, "జర కూసోని నీళ్లు తాగి పోరాదు" అని బతిమాలాను. నా మాట కాదనలేక గడప మీద కూర్చున్నారు. చెంబు ఇచ్చి నేను దేవుడి దగ్గరికి వెళ్లాను. దీపం పెట్టి లేచాకే బండి చప్పుడు వినిపించింది. నేను ఆపకపోతే, మలుపులో ఆయన్ని గుద్దిన ఆ మట్టి టిప్పర్ వచ్చే వేళకు ఆయన కాలేజీ గేటు దాటి ఉండేవారు. రోజూ స్వామిని నమ్ముకున్నానంటాను. ఆ పొద్దున మాత్రం పిల్లిని నమ్మాను.

కోపమంతా నా మీద పెట్టు. దాన్ని ఆ గడ్డిలో ఉండనియ్యి.

నీ మరదలు
సునంద


మంచాల,
మంగళవారం

సునందా,

నీ లెక్క రాయరాదు నాకు, నోటికొచ్చినట్టే రాస్తున్న.

నీళ్లు తాగనీకి ఎంతసేపు పడ్తదే? వాడు గడప మీద కూసోని నాకు ఫోన్ చేసిండు. "పిల్లి ఎదురొచ్చిందని నీ మరదలు కూసోవెట్టిందక్కా" అని ఒకటే నవ్వు. నేను ఊకుంటినా? కందిచేను ముచ్చట, కోతుల ముచ్చట, మా కోడలి మీద చాడీలు. "టైమైతుందక్కా" అని రెండుసార్లన్నడు. ఇంకో మాట, ఇంకో మాట అనుకుంట పట్టుకున్న. ఆఖరికి వాడే పెట్టేసిండు.

గిది ఎవ్వలికీ చెప్పలే. పిల్లి ఎదురు మాట్లాడదని దాని మీదేసిన. నువ్వు తల వంచుకుంటే నాకు ఇంకింత ధైర్యమొచ్చింది.

సాయన్నను రావద్దన్న. నేను రెండు దినాలు ముందుగాల వస్త. నన్ను తిట్టు, లేకుంటే ఊకె పక్కన కూసో. ఏడాది సంది మందిల ఏడ్చిన గని, నిజం తెలిసిన మనిషి ముందర ఒక్కసారి గూడ ఏడ్వలే.

నీలమ్మ