మెడ నరానికి కరెంటు

బావా,

అరవైతొమ్మిదిల తెలంగాణ కొట్లాటయిన మరుసటేడు నువ్వు కొడకండ్లల తాటిచెట్టు మీదికెల్లి పడి మెడ ఇరిగితే, పట్నం దవాఖానల మిషనుతోని ఊపిరి పోసిండ్రు గదా. నువ్వు పోయినంక అదే వార్డుల ఆయమ్మగ చేరిన. నువ్వు పానం ఇడిచిన నెల గిదే. ఇయ్యాల చూసింది నీకు చెప్పాలనిపించింది.

జఫర్‌గఢ్ నుంచి ఒకాయనను తెచ్చిండ్రు. ఆయన గూడ కల్లు గీసేటాయనే, నీ లెక్కనే పడ్డడు. భార్య యాదమ్మ మంచం ఇడిచి కదలదు. పొద్దుగాల డాక్టరు ఆయన మెడ కాడి నరానికి సన్నటి తీగతోని జరంత కరెంటిచ్చి, ఊపిరి మిషను ఆపిండు. నీకు మిషను ఆపి చూసిన నాడు నువ్వు నా దిక్కే చూస్తున్నవు, నీ ఛాతి కదలకపాయె.

ఆయన కడుపు మెల్లగ లేచింది, దిగింది, మల్ల లేచింది.

"ఊపిరి తీసే కండను కదిలించే నరం గిది. రోజింత అలవాటు చేస్తం" అన్నడు డాక్టరు.

"అప్పట్ల గిది లేకుండెనా సారూ?" అని ఆయన ఎంట తలుపు దాకా పోయి మెల్లగ అడిగిన.

"మన దగ్గర లేకుండెనమ్మా" అని తల వంచుకున్నడు.

మల్ల మంచం కాడికొస్తే యాదమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "అక్కా, మీ ఆయన గూడ చెట్టు మీదికెల్లి పడ్డడట గదా. ఆయనకు గూడ గిట్లనే ఊపిరొచ్చిందా?"

ఆమె మొఖం చూసి లేదనలేకపోయిన. వచ్చిందన్న.

"ఇప్పుడెట్లున్నడు?"

ఇంటికాడ మంచిగున్నడని చెప్పిన, బావా.